రాజు మంచివాడైతే చాలదు: అర్థశాస్త్రం లెక్కగట్టిన సుపరిపాలన

ఆషాఢ పౌర్ణమితో ఏడాది లెక్క ముగుస్తుంది. ఏ శాఖ లెక్కలు రాసేవాళ్లు ఆ శాఖ పుస్తకాలకు ముద్ర వేసుకుని, చేతిలో మిగిలిన నిల్వను కూడా ముద్ర వేసి వెంట తెచ్చుకుని రాజధానిలోని అక్షపటలానికి చేరాలి. అక్షపటలమంటే లెక్కల కచేరీ. తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి కట్టిన భవనం. అందులో ఎవరు కూర్చునే చోటు వారికి విడిగా ఉంటుంది, పద్దు పుస్తకాలకు వేరే చోటు ఉంటుంది. వచ్చినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కట్టడి చేస్తారు. ఇచ్చినవాడి పుస్తకం, పుచ్చుకున్నవాడి పుస్తకం విడివిడిగా తెరిస్తేనే తేడా బయటపడుతుంది. ముందే కూడబలుక్కుంటే రెండూ చక్కగా సరిపోతాయి మరి.

కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణం (అంటే రెండో భాగం), ఏడో అధ్యాయంలో ఉన్న ఏర్పాటు ఇది. పని సంవత్సరానికి 354 రోజులు. లెక్క తేవడంలో గడువు మీద నెల దాటితే, అక్కడి నుంచి నెలకు 200 పణాల చొప్పున జరిమానా. పణమంటే ఆనాటి నాణెం. పద్దును వరుస తప్పించి రాసినా, అర్థం కాకుండా రాసినా, రాసిందే మళ్లీ రాసినా 12 పణాలు. మిగులు పద్దునే చెడగొడితే దానికి రెట్టింపు. మిగులును తినేస్తే ఎనిమిది రెట్లు.

ప్రాచీన భారత రాజనీతి అనగానే మన కళ్ల ముందు రెండు బొమ్మలు నిలుస్తాయి. ఒకటి రామరాజ్యం: రాజు ధర్మాత్ముడు, కాబట్టి నెలకు మూడు వానలు. రెండోది చాణక్యుడి పిలక, పగ, ఎత్తులు. ఈ రెండింటి మధ్యా అసలు సంగతి జారిపోతోంది. చేతిలో సొమ్ము ఆడేటప్పుడు, చుట్టూ పొగిడేవాళ్లు మూగినప్పుడు ఎంత మంచివాడైనా మారతాడు. అందుకే పాలనను ఒక మనిషి మంచితనం మీద కాకుండా పద్ధతి మీద నిలబెట్టాలి. అర్థశాస్త్రం లోతుగా పట్టించుకున్నది దీన్నే. అందులోని గూఢచారుల గురించి వెయ్యి నోళ్లు మాట్లాడతాయి గానీ గుమాస్తాల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఆ గ్రంథం గొప్పతనమంతా గుమాస్తాల అధ్యాయాల్లోనే ఉంది.

పుస్తకం సంగతి

ఈ గ్రంథం పేరు తెలుస్తూనే ఉన్నా, మొత్తం పాఠం చాలాకాలం ఎవరికీ దొరకలేదు. 1905లో తంజావూరు ప్రాంతపు పండితుడొకరు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఇచ్చిన గ్రంథ లిపి తాటాకుల్లో ఆర్. శామశాస్త్రి దీన్ని గుర్తించారు. 1909లో సంస్కృత మూలం అచ్చయింది, 1915లో ఆయన ఇంగ్లీషు అనువాదం వచ్చింది. 15 అధికరణాలు, 150 అధ్యాయాలు, 180 ప్రకరణాలు అని గ్రంథమే తన లెక్క తాను చెప్పుకుంటుంది.

సంప్రదాయం దీన్ని క్రీ.పూ. నాలుగో శతాబ్దపు చంద్రగుప్త మౌర్యుడి మంత్రి చాణక్యుడికి అంటగడుతుంది; కౌటిల్యుడన్నది ఆయన మరో పేరే. భాష, నాణేలు, వాణిజ్య వస్తువుల ఆధారంగా చాలామంది పండితులు ఇప్పుడున్న రూపం క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటిదంటారు. ఒకే చేతి రచన కాదని 1971లో థామస్ ట్రాట్‌మన్ పదాల వాడుక లెక్కలతో వాదించారు. కాబట్టి దీన్ని మౌర్యుల ప్రభుత్వ నివేదికలా చదవకూడదు. ఇలా నడపాలి అని చెప్పే శాస్త్రంగా చదవాలి. ఇంకో చిక్కు: వాట్సాప్‌లో రోజూ తిరిగే ‘చాణక్య నీతి’ మాటలకూ ఈ గ్రంథానికీ సంబంధం లేదు. అది వేరే సూక్తుల సంకలనం.

ఏడు అంగాల్లో ఏది విరిగితే ఎక్కువ ముప్పు?

రాజ్యానికి ఏడు అంగాలు: స్వామి (రాజు), అమాత్యులు (మంత్రులు), జనపదం (పల్లెలు, అక్కడి ప్రజలు), దుర్గం (కోట), కోశం (బొక్కసం), దండం (సైన్యం), మిత్రుడు. పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఈ వరుస కంఠతా వస్తుంది. కానీ ఇది ఉత్త జాబితా కాదు, ఒక పెద్ద వాదనకు తేలిన ఫలితం. ఎనిమిదో అధికరణం మొదట్లో కౌటిల్యుడు పాత ఆచార్యులను ఒక్కొక్కరినే ఎదుర్కొంటాడు. రాజు చెడడం కంటే మంత్రులు చెడడమే ప్రమాదమన్నాడు భారద్వాజుడు. జనపదం కంటే కోట ముఖ్యమన్నారు పారాశరులు. బొక్కసం కంటే సైన్యం ముఖ్యమన్నాడు కౌణపదంతుడు. కోట, బొక్కసం, సైన్యం, ఆనకట్టలు, వ్యవసాయం అన్నీ జనపదంలోంచే పుడతాయి కదా అని కౌటిల్యుడి జవాబు. సైన్యం సంగతా? దాని వేరు బొక్కసంలో ఉంది. జీతం అందని సైన్యం శత్రువు వైపు పోతుంది, లేదా సొంత రాజునే చంపుతుంది.

ఇక జనపదం ఎలా ఉండాలో చెప్పేచోట ఒక మాట వాడతాడు: అదేవమాతృకం. వానదేవుణ్ణే తల్లిగా నమ్ముకుని బతికే నేల దేవమాతృకం. చెరువులు, కాలువలు ఉండి వాన తప్పినా పంట చేతికొచ్చే నేల అదేవమాతృకం. మంచి రాజ్యానికి ఇదొక లక్షణమట. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

వానను నమ్ముకోకూడదనుకున్నవాళ్లు దాన్ని కొలవడం మాత్రం మానలేదు. ధాన్యపు కొట్టులో మూర వెడల్పు మూతి ఉన్న గిన్నె పెట్టి వాన కొలవాలని నియమం. మెట్ట ప్రాంతాలకు 16 ద్రోణాలు (ద్రోణం ఒక కొలపాత్ర), అవంతికి 23, అశ్మకానికి మెట్ట కంటే కూడా తక్కువ అని లెక్కలు ఇస్తాడు. అశ్మకమంటే గోదావరి వైపు దేశం. దాని రాజధాని నేటి నిజామాబాద్ జిల్లా బోధనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తెలంగాణ నేల మీద పడిన వాన ఈ గ్రంథంలో అంకెగా నిలిచిందన్నమాట.

రాజు గుమ్మం

మొదటి అధికరణం 19వ అధ్యాయం రాజు దినచర్య. పగటిని ఎనిమిది, రాత్రిని ఎనిమిది భాగాలు చేయమంటుంది. మన గడియారంలో ఒక్కో భాగం సుమారు గంటన్నర. పొద్దు పొడవగానే మొదటి భాగం రక్షణ ఏర్పాట్లు, జమాఖర్చులు వినడానికి. రెండోది పట్టణ ప్రజల, పల్లె ప్రజల పనులు చూడడానికి. స్నానం, భోజనం, చదువు మూడో భాగంలో గానీ రావు. నాలుగోది నగదు పుచ్చుకోవడానికి, శాఖాధిపతులకు పనులు పంచడానికి. ఐదోది మంత్రిపరిషత్తుతో ఉత్తరాల ద్వారా సంప్రదింపులకు, గూఢచారులు తెచ్చిన సమాచారానికి. ఆరోది తన ఇష్టం. ఏడు, ఎనిమిది భాగాలు ఏనుగులు, గుర్రాలు, ఆయుధాలు, సేనాపతితో ఆలోచనలకు. రాత్రి నాలుగు, ఐదు భాగాలే నిద్రకు, అంటే మూడు గంటలు.

ఇది చదివి చాలామంది నవ్వుతారు, ఏ మనిషి ఇలా బతుకుతాడని. ‘తన శక్తికి తగ్గట్టు భాగాలు మార్చుకోవచ్చు’ అని ఆ అధ్యాయంలోనే ఉంది. అందులో గంటల కంటే వరుస ముఖ్యం. పద్దు ముందు, ప్రజలు ఆ వెంటనే, తిండి ఆ తర్వాత.

దినచర్య వెనకాలే అసలు నియమం వస్తుంది. పని మీద వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర కాచుకోబెట్టకూడదు. ఎందుకంటే జనానికి కనబడని రాజు చేత దగ్గరివాళ్లు చేయాల్సినవి మాన్పిస్తారు, చేయకూడనివి చేయిస్తారు. దానివల్ల ప్రజలకు కోపం వస్తుంది, లేదా రాజు శత్రువు చేతికి చిక్కుతాడు. రాజు చెడ్డవాడు కానక్కర లేదు, తలుపు మూసుకుంటే చాలు. ‘ప్రజల సుఖంలోనే రాజు సుఖం, ప్రజల మేలులోనే రాజు మేలు’ అన్న ప్రసిద్ధ శ్లోకం ఈ అధ్యాయం చివర్లోదే. దాన్ని కత్తిరించి గోడల మీద రాస్తాం గానీ, దానికి ముందున్న గుమ్మం నియమాన్ని వదిలేస్తాం. అది లేకుండా శ్లోకం ఉత్త మర్యాద మాట. ఆ శ్లోకం తర్వాత మరో మాట ఉంది: అర్థానికి మూలం ఉత్థానం. ఉత్థానమంటే లేచి పనికి పూనుకోవడం.

ఇదే పలుకు మన దగ్గర బండ మీద ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గరి గుట్ట మీద అశోకుడి పెద్ద శిలాశాసనాలు, చిన్న శిలాశాసనాలు రెండూ చెక్కి ఉన్నాయి. అక్కడున్న ఆరో శాసనంలో అశోకుడి ఆజ్ఞ ఇది: నేను భోంచేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, పడకగదిలో ఉన్నా, తోటలో ఉన్నా నివేదకులు ప్రజల పనులు వచ్చి చెప్పాలి. పరిషత్తులో వివాదం లేస్తే వెంటనే నాకు తెలియాలి. పూర్వం ఇలా అన్ని వేళలా పనులు విన్నది లేదని తనే ఒప్పుకుంటాడు. ఎంత పూనుకున్నా, ఎన్ని పనులు తీర్చినా తనకు తృప్తి లేదంటాడు. ఆ పూనికకు ప్రాకృతంలో వాడిన మాట కూడా ఉత్థానమే. శాస్త్రం చెప్పిన గుమ్మాన్ని ఒక రాజు తన నోటితో తెరిచి పెట్టిన సాక్ష్యం పత్తికొండ, గుత్తి మధ్య బండల మీద ఎండకు ఎండుతోంది. గుత్తి కోట చూడ్డానికి వెళ్లేవాళ్లు ఇంకాస్త దూరం వెళ్లి దీన్ని కూడా చూడాలి.

నలభై దొంగదారులు

రాజు సరే, ఉద్యోగుల మాటేమిటి? రెండో అధికరణం ఎనిమిదో అధ్యాయం బొక్కసం ఎలా కరిగిపోతుందో విప్పి చెబుతుంది. ముందుగా ఎనిమిది కారణాలు. వసూలు చేయకపోవడం, చేసినా జమకట్టకపోవడం ప్రతిబంధం. పోయినదానిలో పదో వంతు జరిమానా. బొక్కసం సొమ్మును వడ్డీకి తిప్పడం ప్రయోగం, దాంతో వ్యాపారం చేయడం వ్యవహారం. వచ్చిన లాభానికి రెట్టింపు కట్టాలి. లంచం కోసం గడువు రానిదాన్ని వచ్చిందనడం, వచ్చినదాన్ని రాలేదనడం అవస్తారం, ఐదో వంతు. ఖరారైన రాబడి తగ్గించడం, ఖర్చు పెంచడం పరిహాపణం; నాలుగు రెట్లు. సర్కారు వస్తువులు సొంతానికి వాడుకోవడం ఉపభోగం; రత్నాలైతే మరణదండన. మంచి వస్తువు తీసి నాసిది పెట్టడం పరివర్తనం. వచ్చిన రాబడి రాయకపోవడం, రాసిన ఖర్చు ఇవ్వకపోవడం, ఉన్న నిల్వ లేదనడం అపహారం. దీనికి పన్నెండు రెట్లు.

జరిమానాలు ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండడంలో ఆలోచన ఉంది. సొమ్మును తిప్పి లాభం చేసుకున్నవాడి దగ్గర అసలు భద్రంగానే ఉంటుంది, కాబట్టి లాభం మీద కొడతారు. పుస్తకంలో అబద్ధం రాసినవాడు సొమ్ముతోపాటు సాక్ష్యాన్ని కూడా మాయం చేస్తాడు. అందుకే అతనికే అన్నిటికంటే బరువైన గుణకం.

ఆ తర్వాత నలభై ‘హరణోపాయాలు’. వాటిని వరుసగా చదివితే ప్రార్థనలా సాగుతాయి గానీ, ఒక ఊరికి పెట్టి చూస్తేనే పదును తెలుస్తుంది. ఒక ఊరు రాజుకు 100 ద్రోణాల ధాన్యం కట్టాలనుకుందాం. ధాన్యం కార్తీకంలో అందింది, పుస్తకంలో మాఘంలో ఎక్కింది. ఆ నడుమ మూడు నెలలు అది ఎవరి కొట్టులోనో అప్పుగా తిరిగింది. ఇది ముందు వచ్చింది వెనక రాయడం. రామయ్య కట్టాడు, సోమయ్య పేరున జమ అయింది. సోమయ్య దగ్గర లంచం వచ్చింది, రామయ్య బాకీదారుగా మిగిలాడు. ఒకరి నుంచి వచ్చింది మరొకరి పేరున రాయడమంటే ఇదే. కూలీలకు ఇచ్చింది కొంచెం, రాసింది ఎక్కువ. చేసిన పని మూర, చూపించింది బార. సరుకు వచ్చింది, ధర ఇవ్వలేదు. లేదా ధర ఇచ్చారు, సరుకు రాలేదు. చవక సరుకును ప్రియమైన సరుకు ధరకు మార్చడం, నెలలో రోజులు తేడాగా లెక్కేసి జీతం కొట్టేయడం కూడా జాబితాలో ఉన్నాయి.

అన్నిటికంటే సూక్ష్మమైనవి కొలతల్లో దొంగతనాలు. ఇది అర్థం కావాలంటే అదే అధికరణంలోని ద్రోణం లెక్క తెలియాలి. రాజ్యం ఒకే ద్రోణం వాడదు. రాబడి తీసుకునే ద్రోణం 200 పలాల (పలం ఒక తూకం) మినుములు పట్టేది. బజారు ద్రోణం 187½ పలాలు. కూలీలకు, సేవకులకు కొలిచిచ్చేది 175. అంతఃపురానికిచ్చేది 162½. అంటే తీసుకునే కుంచం పెద్దది, ఇచ్చే కుంచం చిన్నది. సర్కారే తరుగు, తేమ, ఎలుకలు, మోత ఖర్చు అన్నీ కలుపుకుని తన మిగులును కొలపాత్రలోనే దాచుకుంది. ఇక్కడే ఉద్యోగికి సందు దొరుకుతుంది. ఊరి ధాన్యాన్ని 200 పలాల ద్రోణంతో 100 సార్లు కొలిచి తీసుకుని, అప్పగించేటప్పుడు బజారు ద్రోణంతో 100 అని కొలిచి ఇస్తే 1,250 పలాలు మిగులుతాయి. పుస్తకంలో 100 అని ఉంది, అప్పగించింది 100. రెండూ సరిపోయాయి. పాత్ర ఏదో రాయకపోతే ఈ దొంగ దొరకడు. మానవిషమం, భాజనవిషమం అని గ్రంథం వీటికి పేర్లు పెట్టింది.

పట్టుకోవడం ఎలా? అనుమానం వచ్చినప్పుడు ఆ శాఖలో పనిచేసే అధికారి, సరుకు దాచేవాడు, రాసేవాడు, పుచ్చుకునేవాడు, ఇచ్చేవాడు, ఇప్పించేవాడు, సలహాదారు, సహాయకులు అందరినీ విడివిడిగా ప్రశ్నించాలి. ఎవరు అబద్ధమాడినా అసలు దోషికి పడే శిక్షే. ఆ మీదట జనపదంలో చాటింపు: ఫలానా అధికారి వల్ల నష్టపోయినవాళ్లు వచ్చి చెప్పండి. వచ్చినవారికి వారి నష్టం మేరకు ఇప్పించాలి. దొంగతనాన్ని బయటపెట్టి రుజువు చేసినవాడికి రాబట్టిన సొమ్ములో ఆరో వంతు. అతను ఆ అధికారి కింది ఉద్యోగే అయితే పన్నెండో వంతు. కింది ఉద్యోగికి సగమే ఎందుకంటే, చెప్పడం అతని విధి కూడా కదా. రుజువు చేయలేకపోతే శిక్ష తప్పదు.

ఇన్ని చెప్పాక కూడా కౌటిల్యుడు గొప్పలు పోడు. నీళ్లలో తిరిగే చేప నీళ్లు తాగిందో లేదో కనిపెట్టలేం, సొమ్ము మీద ఉన్న ఉద్యోగి తిన్నాడో లేదో అంతే అంటాడు. ఆకాశంలో పక్షి దారి అయినా తెలుసుకోవచ్చు గానీ లోపలి ఉద్దేశం దాచుకున్న అధికారి దారి తెలియదంటాడు. అందుకే దొంగను పట్టడం కంటే తినే వీలు తగ్గించడం మీద దృష్టి. ఒక్కో కచేరీకి ఒకరి కంటే ఎక్కువమంది పెద్దలు ఉండాలి, ఎవరూ అక్కడే పాతుకుపోకూడదు. ఉద్యోగులు కలిసిపోతే కలిసి తింటారు, కొట్టుకుంటే పని పాడుచేస్తారు, రెండూ ప్రమాదమే. వసూలు చేసే సమాహర్త వేరు, భద్రపరిచే సన్నిధాత వేరు. ఈ సన్నిధాత నూరేళ్ల కిందటి జమాఖర్చు అడిగినా తడుముకోకుండా చెప్పగలగాలి.

ఇక్కడొక వాక్యం దగ్గర ఎవరైనా ఆగిపోవాల్సిందే. రాబడి తగ్గించినవాడు రాజు సొమ్ము తింటున్నాడు, సరే. రాబడి రెట్టింపు చేసినవాడో? అతను జనపదాన్ని తింటున్నాడు. ఆ ఎక్కువను నిజాయితీగా తెచ్చి రాజుకే అప్పగించినా సరే, చిన్న తప్పయితే వారించాలి, పెద్దదైతే నేరాన్ని బట్టి దండించాలి. లక్ష్యానికి మించి వసూలు చేసిన అధికారికి సన్మానం చేసే అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు. రైతు దగ్గర విత్తనపు గింజ మిగలకపోతే వచ్చే ఏడు బొక్కసంలో ఏం పడుతుంది?

జీతాలు, పన్నులు

జీతాల మొత్తం రాబడిలో నాలుగో వంతు. పైన 48,000 పణాలు: మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు, రాజమాత, పట్టమహిషి వగైరా. సమాహర్తకు, సన్నిధాతకు 24,000. లెక్కలవాడికి, లేఖకుడికి 500. చేతిపనివాళ్లకు 120. అట్టడుగు సేవకుడికి 60. పైకీ కిందికీ 800 రెట్లు తేడా. పైవాళ్లకు ఇంత ఎందుకో కూడా చెబుతాడు: ప్రలోభానికి లొంగకుండా, తిరగబడకుండా ఉండడానికి. 500 పణాల గుమాస్తా చేతిలో మొత్తం పుస్తకాలు పెట్టి, ప్రలోభం భయం పైవాళ్ల విషయంలోనే పడడం ఈ పట్టికలోని బలహీనత. ఆ లోటును పూడ్చడానికే పైన చెప్పిన జరిమానాలన్నీ అవసరమయ్యాయి. పనిలో చనిపోయినవాడి భార్యాబిడ్డలకు తిండి, జీతం ఇవ్వాలన్న నియమం ఈ అధ్యాయంలోనే ఉంది.

పన్ను విషయంలో గ్రంథం రెండు నాలుకలతో మాట్లాడుతుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. తోటలో పండిన పండునే కోసినట్టు రాజ్యం నుంచి రాబడి తీసుకోవాలి, పచ్చికాయ తెంపితే ప్రజల కోపం పండుతుంది అంటుంది. బొక్కసం ఖాళీ అయినప్పుడు ధాన్యంలో మూడో వంతో నాలుగో వంతో అడగవచ్చు. అదీ వాన మీద ఆధారపడని, పంట సమృద్ధిగా ఉన్న చోట్లే, ఒక్కసారే, రెండోసారి లేదు. ఇంతవరకు బాగుంది. అదే అధ్యాయం కొంత ముందుకెళ్లి, సొరంగం ఉన్న బావిలో అనేక తలల పామును చూపించి కానుకలు దండుకోమంటుంది. రాజే జనాన్ని మోసం చేసే చోట ఉద్యోగి నిజాయితీ ఎంతకాలం నిలుస్తుంది? పద్దు పుస్తకాన్ని అంత పవిత్రంగా చూసిన శాస్త్రం ఇక్కడ తన కాలు తానే నరుక్కుంది.

రాజు తప్పు చేస్తే

దండం, అంటే ఇక్కడ శిక్ష, దాని గురించి మొదటి అధికరణంలో ఉన్న సూత్రం: కఠినంగా దండించేవాడంటే జనం బెదిరిపోతారు, మెత్తగా దండించేవాణ్ణి లెక్కచేయరు, తగినట్టు దండించేవాణ్ణి గౌరవిస్తారు. కానీ ‘తగినట్టు’ అన్నది నేరాన్ని బట్టి మాత్రమే తేలేది కాదు, వర్ణాన్ని బట్టి కూడా. ఎంత నేరం చేసినా బ్రాహ్మణుణ్ణి హింసించకూడదు, నుదుట ముద్ర వేసి వెళ్లగొట్టాలి. ఒకే తిట్టుకు ఎవరు ఎవరిని తిట్టారన్నదాన్ని బట్టి జరిమానా మారుతుంది. ఈ గ్రంథంలో సమన్యాయం వెతికేవాళ్లు ఈ పుటలు దాటుకుని పోలేరు.

దండించకూడనివాణ్ణి రాజు దండిస్తే దానికి ముప్పై రెట్లు రాజుకే జరిమానా. దాన్ని నీళ్లలో వరుణుడికి సమర్పించి, తర్వాత బ్రాహ్మణులకు ఇవ్వాలి. వసూలు చేసే అధికారి ఎవరూ లేరు కాబట్టి వరుణుణ్ణి పిలవాల్సి వచ్చింది. రాజును అదుపులో పెట్టే సంస్థ ఏదీ ఈ ఆలోచనలో లేదు, నేను చూసినంతలో దీని పెద్ద లోటు ఇదే. దానికి బదులుగా ఉన్నది ఏడో అధికరణంలోని ఒక హెచ్చరిక: చితికిన ప్రజలకు ఆశ పుడుతుంది, ఆశపడినవాళ్లకు రాజు మీద మనసు విరుగుతుంది, మనసు విరిగినవాళ్లు శత్రువుతో కలుస్తారు, లేదా రాజును తామే చంపుతారు.

అశోకుడు ఈ ఖాళీని తనకు చేతనైన దారిలో నింపడానికి చూశాడు. కళింగలో ధౌలి, జౌగడల్లో చెక్కించిన ప్రత్యేక శాసనంలో నగర న్యాయాధికారులతో ‘మనుషులంతా నా బిడ్డలు’ అంటాడు. కారణం లేకుండా జైలు పాలయ్యేవాళ్లు ఉన్నారని ఒప్పుకుని, అలా జరగడానికి అధికారిలోని లోపాలు పేరుపేరునా చెబుతాడు: అసూయ, కోపం, కాఠిన్యం, తొందరపాటు, అలవాటు లేకపోవడం, సోమరితనం, అలసట. అలసటను కూడా అన్యాయానికి కారణంగా లెక్కపెట్టడం ఎంత దగ్గరి పరిశీలన! ఐదేళ్లకోసారి తనిఖీకి మెత్తని స్వభావం గల అధికారిని పంపుతానంటాడు. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజుల్లో చదివి వినిపించాలి, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే.

తెలుగు నేలలో: చెరువు, రేవు

మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును వరసగా ప్రశ్నలు అడుగుతాడు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ సభాపర్వాన్ని తెలుగు చేయడంతో ఆ ప్రశ్నల ఘట్టం మన భాషలోకి వచ్చింది. సంస్కృత మూలంలోని ప్రశ్నలు తనిఖీ అధికారి అడిగినట్టే ఉంటాయి. రైతుకు విత్తనం, తిండి లోటు లేకుండా ఉందా? నూటికి ఒకటి వడ్డీకి అప్పిస్తున్నావా? నీ దేశంలో పెద్ద చెరువులు అక్కడక్కడా నిండుగా ఉన్నాయా, వ్యవసాయం దేవమాతృకం కాకుండా ఉందా? అర్థశాస్త్రంలో చూసిన మాటే ఇక్కడ ప్రశ్నగా మారింది.

దానికి జవాబు కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనంలో ఉంది. శక 1291, అంటే 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, తూముకూ కట్టకూ రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలని శాసనం చెబుతుంది. మొదటి అంగం ధర్మం, సంపద ఉన్న రాజు, రెండోది జలశాస్త్రం తెలిసినవాడు. ఆ తర్వాత గట్టి నేల, తీయని నీళ్ల నది, ఆనుకుని కొండ, మరీ పొడవు కాని గట్టి రాతి కట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గర్లో రాతి గని, చుట్టూ చదునైన సారవంతమైన పొలాలు, పనితనం ఉన్న కూలీల గుంపు వగైరా. ఆరు దోషాలు కూడా రాశారు: కట్టలోంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. మూడో దోషం మట్టిది కాదు, రాజకీయానిది. సరిహద్దు చెరువుకు గండి పడితే ఎవరు పూడుస్తారు, తూము ఎవరు ఎత్తుతారు అన్న తగువు తీరదు. నది నీళ్ల మీద ఇప్పటికీ తగవులాడుకుంటున్న మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత శతాబ్దిన్నరకు కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెబుతూ ఈ దారిలోనే నడిచాడు. దేశం చిన్నదైనా చెరువులు, కాలువలు తవ్వించి పేదరైతుకు పన్ను తేలిక చేస్తే అర్థమూ పెరుగుతుంది, ధర్మమూ పెరుగుతుంది అన్నాడు.

ఇక రేవు. అర్థశాస్త్రంలో నౌకల అధికారికి ఒక సూచన ఉంది: గాలివాన దెబ్బతిన్న ఓడను తండ్రిలా ఆదుకోవాలి, నీళ్లలో తడిసిన సరుకు మీద సుంకం వద్దు, లేదా సగమే తీసుకోవాలి. సముద్రం ఒడ్డున రాజుల వాడుక మాత్రం వేరు. ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజుదే. ఈ వాడుకను కాకతి గణపతిదేవుడు శక 1166లో మోటుపల్లి అభయశాసనంతో ఆపేశాడు. ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలో ఉన్న మోటుపల్లి అప్పట్లో కాకతీయుల పెద్ద రేవు. తుపానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని శాసనం దాచకుండా చెబుతుంది. ప్రాణం కంటే ధనమే ఎక్కువని తలచి సముద్రం మీద సాహసించి వచ్చినవాళ్లకు, ఖరారైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామంటుంది. ఆ సుంకం ఎంతో కూడా రాతి మీదే ఉంది: ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. ఆ కింద గంధం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు, వక్కలు వగైరా సరుకుల వారీగా రేట్లు చెక్కించారు, రేవులో సుంకరి నోటికొచ్చినంత అడగకుండా.